నాలుగో జ్వరం

త్రిపురసుందరికి భయపడటానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. భర్త కనకరాజు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమస్తా. ఆయన సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరకపోతే ఆరూ ముప్ఫై అయిదుకి ఆవిడ మనసులో ఏదో ఒక రైలు పట్టాలు తప్పేది. కూతురు రత్నకుమారికి ఇరవై నాలుగేళ్ళు. ఉప్పల్ రోడ్డులో ఒక పెద్ద ల్యాబులో రీసెర్చి చేస్తోంది. అయినా సరే, రోజూ పొద్దున్న నాచారం బస్టాపు దాకా తల్లే వెంట వెళ్ళి, పిల్ల బస్సెక్కి, ఆ బస్సు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నిలబడి, ఇంకో అయిదు నిమిషాలు ఆగి వచ్చేది. ఆ అయిదు నిమిషాలూ ఎందుకని అడిగితే, బస్సు వెనక్కి వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా అనేది.

అలాంటి ఇంటికి తొంభై మూడు ఫిబ్రవరిలో నలభై పట్టుపురుగులు వచ్చాయి.

"ల్యాబులో చెదలమందు కొడుతున్నారమ్మా. ఆ వాసనకి ఇవి బతకవు. రెండువారాలు మనింట్లో ఉంటాయి" అంది రత్న, రెండు ప్లాస్టిక్ పళ్ళేలు హాల్లో దించుతూ.

"పురుగులా! బియ్యంలో ఒక్కటి కనబడితేనే నాకు రెండ్రోజులు అన్నం సయించదు."

"నీ పెళ్ళిచీర వీటి తాతమ్మల చలవే."

ఆ మాటతో సుందరి పళ్ళేల వైపు కదిలింది. దగ్గరికి వెళ్ళి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూసింది. తెల్లగా, మెత్తగా, చిటికెన వేలంత లేవు. తలలు కిందికీ మీదికీ ఆడిస్తూ మల్బరీ ఆకు అంచు పట్టుకుని కొరుకుతున్నాయి. చెవి పెడితే సన్నటి వాన కురుస్తున్న చప్పుడు. తినేవాళ్ళంటే సుందరికి మొదట్నుంచీ గౌరవం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర రత్న తన పని ఏమిటో చెప్పింది. రెండేళ్ళలో చాలాసార్లు చెప్పింది గానీ, సుందరి ఎప్పుడూ మధ్యలోనే "ఆ ల్యాబులో యాసిడ్లూ అవీ ఉంటాయా?" అని అడ్డుపడేది. ఈసారి పురుగులు ఎదురుగా ఉన్నాయి కనక విన్నది.

"వీటి చర్మం మనదిలా సాగదమ్మా. ఒళ్ళు పెరిగితే బిగుతైన చొక్కాలా పట్టేస్తుంది. అందుకని పుట్టిన దగ్గర్నుంచి నాలుగుసార్లు పాత చొక్కా విప్పేస్తాయి. విప్పమని చెప్పేది ఎక్డైసోన్ అనే హార్మోను."

"దానికెవరు చెబుతారు?"

"మెదడు. మెదడు కబురంపితే ఛాతీలో ఉన్న గ్రంథి ఆ హార్మోను వండుతుంది. వండటానికి కొలెస్ట్రాలు కావాలి. పురుగు దాన్ని సొంతంగా చేసుకోలేదు, తిన్న ఆకులో సరుకుతోనే చేసుకోవాలి."

"అదే కదా నేను మొత్తుకునేది! తిండి సరిగ్గా తినకపోతే పెరగడం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని సుందరి కూతురి కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.

రత్న పప్పు పక్కకి నెట్టి చెప్పుకుపోయింది. "ఆ హార్మోను రక్తంలో కలిసి, ప్రతి కణంలోకీ నూనెలా జారిపోతుంది. లోపల దానికోసం ఒక ప్రోటీను కాచుకుని ఉంటుంది. కానీ అదొక్కటే ఏమీ చెయ్యలేదు. తడిసిన దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలా వద్దా?"

"కావాలి. మీ నాన్నగారు ఎప్పుడూ రారు."

"అలాగే ఇంకో ప్రోటీను రెండో కొస పట్టుకోవాలి. ఇద్దరూ కలిసి డీఎన్ఏ మీద ఫలానా చోట కూర్చుంటే అక్కడున్న జీన్లు నిద్ర లేస్తాయి. ముందు లేచినవి వెనక వాటిని లేపి, తమను తామే మళ్ళీ పడుకోబెట్టుకుంటాయి. ఆ రెండో కొస పట్టుకున్నదెవరో బయటపడి నిండా ఏడాది కాలేదు, తెలుసా?"

"చొక్కా విప్పితే సీతాకోకచిలకేనా మరి?" అన్నాడు కనకరాజు.

"అక్కడే ఉంది కిటుకు నాన్నా. ఎక్డైసోన్ చెప్పేది చొక్కా విప్పమని మాత్రమే. విప్పాక ఏం తొడుక్కోవాలో ఇంకో హార్మోను చేతిలో ఉంటుంది. జువెనైల్ హార్మోను. అది ఒంట్లో దండిగా ఉన్నంతకాలం ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ చిన్నపిల్ల చొక్కాయే. అది తగ్గాకే గూడు కట్టడం, రెక్కలు రావడం."

"అలాగా! మనింట్లో అది ఊరే గ్రంథి ఎక్కడుందో నాకు తెలుసు" అని కనకరాజు భార్య వైపు ఓరగా చూసి, మజ్జిగ గ్లాసు ఎత్తాడు.

సుందరి ఆ మాట పట్టించుకోలేదు. "మరి ఆ రెండో హార్మోనుని పట్టుకునే ప్రోటీను ఎవరు?" అంది.

"అది ఎవరికీ తెలీదమ్మా. ప్రపంచంలోనే ఎవరికీ."

సుందరి చెయ్యి కంచంలో ఆగిపోయింది. అన్ని అంతస్తుల భవనాలు, జీపులు, గేటు దగ్గర వాచ్‌మన్, అయినా ఎవరికీ తెలీదట. అలాంటి చోటికి రోజూ పిల్లని పంపుతోంది.

ఆ తర్వాత రత్న చెప్పింది మాత్రం సుందరి మర్చిపోలేదు. ఈ నలభై పురుగులూ ఒకేరోజు పుట్టినవి. ఇవి నాలుగోసారి చర్మం వదిలే గంటే 'సున్నా గంట'. లెక్కంతా అక్కణ్ణుంచి మొదలు. తర్వాత సగం పురుగుల మీద జువెనైల్ హార్మోను లాంటి మందు ఒక్కో చుక్క వేసి, రెండు జట్లూ ఎప్పుడు గూడు కడతాయో చూడాలి. ఏప్రిల్లో రివ్యూ ఉంది. కిందటి రెండు బ్యాచీలూ రోగం తగిలి పోయాయి. ఇదీ పోతే ఫెలోషిప్పు పొడిగించరు, రెండేళ్ళ పనీ నీళ్ళపాలు.

"అయితే దగ్గరుండి చూసుకో."

"నేనుండను. సోమవారం హిందూపురం వెళ్ళాలి, గుడ్లు తేవడానికి. శుక్రవారం పొద్దున్న వస్తా. నువ్వే చూడాలి."

నలభై ప్రాణాలు, రెండేళ్ళ చదువు, తన చేతుల్లో. ఎనిమిదో తరగతి దాటని తన చేతుల్లో.

రత్న నాలుగు మాటలు చెప్పి వెళ్ళింది. పళ్ళేలున్న బల్లకాళ్ళు నీళ్ళగిన్నెల్లోంచి తియ్యకూడదు, చీమలు పడతాయి. ఇంట్లో సాంబ్రాణీ, దోమలచుట్టా వెలిగించకూడదు. మేడిపల్లి తోటనుంచి ల్యాబు జీపులో వచ్చే ఆకు తడిగుడ్డలో ఉంచాలి. రెండు గంటలకోసారి చూసి నోటుబుక్కులో రాయాలి.

"ఏమీ జరగకపోతే?"

"ఏమీ జరగలేదని రాయి. చర్మం వదిలేముందు కాస్త స్తబ్దుగా ఉంటాయి, కంగారుపడకు."

కంగారుపడకు అని సుందరితో అనడం వానతో తడపకు అనడం లాంటిది. మొదటిరోజు పుస్తకంలో కొంత ఇలా ఉంది:

*సోమవారం రాత్రి 8. తింటున్నాయి. రైలు బయల్దేరి ఉంటుంది.*

*మంగళవారం పొద్దున్న 6. తింటున్నాయి. ఒకటి నన్ను చూసింది.*

*10. ఏమీ జరగలేదు. భయంగా ఉంది.*

*మధ్యాహ్నం 12. తిండి తగ్గింది.*

*2. తినడం లేదు. ఒక్కటి కూడా.*

'కాస్త స్తబ్దు' అంటే గంటో రెండు గంటలో అనుకుంది సుందరి. పూటంతా గడిచింది, తెల్లారింది. నలభై పురుగులూ తలలు పైకెత్తి, దేవుడి ముందు కూర్చున్నట్టు బిగుసుకుని ఉన్నాయి. ఒళ్ళు మైనంలా మెరుస్తోంది. లేత ఆకు ముక్క ముందు పెట్టి బతిమాలింది. చలనం లేదు.

బుధవారం పదిగంటలకి ఎదురింటి మొగిలయ్య గేటు దగ్గర్నుంచి కేకేశాడు. ఆయన నాచారం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఆ వీధి మొత్తానికి ఫోను ఆయనింట్లోనే ఉంది. ఎవరికి ఫోనొచ్చినా ముందు తను మాట్లాడి, తర్వాత వార్త చేరవేయడం ఆయన అలవాటు.

"వదినా! రత్నమ్మ ఫోన్ జేసింది, హిందూపురంకెల్లి."

"ఏమైంది అన్నయ్యగారూ!"

"జర ఆగు, చెప్తున్న. నాలుగో జ్వరమంట. తిండి బంద్ జేసి కదుల్తలేదంట. ఎవ్వలు ముట్టద్దన్నది. లేషినంక ఆకు పెట్టాలె అన్నది. ఇగ లైన్ల గరగర, కట్టయింది."

"జ్వరమా! ఎవరికి?"

"గంత ఖుల్లా జెప్పలే. పిల్ల గొంతు మాత్రం మంచిగనే ఉన్నది. ఫికర్ జేయకు."

ఫికర్ చేయకుండా ఎలా? సుందరి తల్లి మనసు ఆ ముక్కల్ని చకచకా కుట్టేసింది. నాలుగో జ్వరం అంటే నాలుగు రోజుల్నుంచి జ్వరం. అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడే ఉంది, చెప్పకుండా వెళ్ళింది. తిండి లేదు, కదలిక లేదు. ముట్టొద్దంటే అంటురోగం. ఆకు పెట్టాలి అంటే... ఆకుపసరు! పచ్చకామెర్లు! ఆకుపసరు పెట్టేది కామెర్లకే కదా!

వెనక్కి తిరిగి హాల్లో పళ్ళేలకేసి చూసింది. ఇక్కడా అదే. తిండి లేదు, కదలిక లేదు. ఇంకేముంది, వీటికి వచ్చిన జబ్బే పిల్లకి అంటుకుంది. రెండేళ్ళుగా చేతులతో పట్టుకుంటోందాయె.

కొంగు ముక్కుకి కట్టుకుంది. పళ్ళేలు రెండూ తెచ్చి వరండా పిట్టగోడ మీద తులసికుండీ పక్కన పెట్టింది. డెట్టాలుతో మోచేతుల దాకా కడుక్కుంది. తలుపు తాళంవేసి, ఆటో ఎక్కి ల్యాబుకి బయల్దేరింది. రత్న గైడు డాక్టరు అని విన్నది. హిందూపురంలో ఎక్కడుందో ఆయనకైనా తెలియాలి కదా.

గేటు దగ్గర వాచ్‌మన్ బుచ్చిరాములు ఆపాడు. "ఎవలు గావాలెనమ్మా?"

"సత్యనారాయణమూర్తి డాక్టరుగారు. మా అమ్మాయికి జ్వరం."

"గీడ జ్వరం డాక్టర్లు లేరమ్మా. అందరు పురుగుల డాక్టర్లే. దవాఖానకు వోండ్రి."

"ఆ పురుగులవల్లే వచ్చింది నాయనా!"

బుచ్చిరాములు గభాల్న రెండడుగులు వెనక్కి వేసి, అరచేతులు ప్యాంటుకి రుద్దుకుని, రిజిస్టరులో సంతకం కూడా అడక్కుండా దారి వదిలాడు.

సత్యనారాయణమూర్తిగారిది నున్నటి బట్టతల. కళ్ళజోడు నుదుటిమీద పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. సుందరి ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పి, "మీరు డాక్టరే కదా, ఏదైనా మందు రాసివ్వండి" అంది.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "నాలుగో జ్వరం అందా? హిందూపురం నుంచా?"

"అవునండీ."

ఆయన నవ్విన నవ్వుకి కళ్ళజోడు జారి ముక్కుమీదికి, సరిగ్గా ఉండాల్సిన చోటికి వచ్చింది.

"అమ్మా, మేం మోల్టింగ్ అనేదాన్ని అక్కడి రైతులు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు. పురుగు తిండి మాని, తలెత్తి, చలిజ్వరం తగిలినవాడిలా కూర్చుంటుంది కదా, అందుకని. మీ అమ్మాయి రెండ్రోజుల్లో వాళ్ళ భాష పట్టేసింది. జ్వరం మీ ఇంట్లో పురుగులకి. వాటినే ముట్టుకోవద్దంది. లేచాక ఆకు పెట్టమన్నదీ వాటికే. రత్న ఈపాటికి ఎవరో రైతు ఇంట్లో ఓళిగలు, అదే మన బొబ్బట్లు, తింటూ ఉంటుంది."

సుందరి అప్పటికి కుర్చీలో కూర్చుంది. ఏడవాలో నవ్వాలో తేలక రెండూ చేసింది.

"మరి నిన్నట్నుంచీ అలా రాళ్ళలా ఉన్నాయేమండీ?"

"పైకి రాళ్ళు. లోపల కుట్టుపని నడుస్తోంది. ఎక్డైసోన్ పెరిగినప్పుడు పాత చర్మం కింద కొత్తది తయారవుతుంది. ఇప్పుడా హార్మోను మోతాదు దిగుతోంది. దిగితేనే పాతది విప్పే పని మొదలవుతుంది. ఎక్కి అక్కడే ఉండిపోతే లోపల కొత్త చొక్కా సిద్ధంగా ఉన్నా పాతది విప్పలేక చస్తుంది. పెరగడం ఎంత ముఖ్యమో, సమయానికి తగ్గడమూ అంతే ముఖ్యం." ఆయన ముందుకి వంగారు. "అందుకే కదపకూడదు. వెనక కాళ్ళు సన్నటి పట్టుపోగుతో కింద అంటించుకుని కూర్చుంటాయి, ఆ పట్టుతోనే ఒళ్ళు బయటికి లాక్కోవాలి. పళ్ళేలు బల్లమీదే ఉన్నాయి కదా?"

సుందరి లేచి గుమ్మం వైపు అడుగేసింది.

"అమ్మా?"

"వరండాలో... తులసికుండీ పక్కన..."

ఆయన మొహంలో నవ్వు పోయింది. "చీమలు..." అన్నారు. మిగతాది వినడానికి సుందరి అక్కడ లేదు.

వచ్చేటప్పుడు ఆటో నత్తలా నడిచినట్టనిపించింది. "తొందరగా పోనీ బాబూ, జ్వరంలో వదిలేసి వచ్చాను" అంటూనే ఉంది.

"ఎంతమందికమ్మా జ్వరం?" అన్నాడు ఆటో అతను.

"నలభై మందికి."

"నలభై! ఏ బస్తీల?"

"మా వరండాలో."

అతను అద్దంలోంచి ఓసారి వెనక్కి చూసి, వేగం పెంచాడు. హబ్సిగూడ మలుపులో కూడా బ్రేకు వెయ్యలేదు.

తులసికుండీ అడుగునుంచి పిట్టగోడ మీదుగా ఎర్రచీమల బారు. అది ఒక పళ్ళెంలోకే వెళ్ళింది. రెండోదాని అంచు దాకా ఇంకా రాలేదు. సుందరి గుండె జారింది గానీ చేతులు జారలేదు. అదే ఆవిడ చిత్రం. లేని ఆపదకి వణికిపోయే మనిషి, నిజంగా ఆపద ఎదురైతే స్థిమితంగా ఉంటుంది. ఇన్నేళ్ళూ మనసులో ఎన్నిసార్లు చూసేసిన దృశ్యమో కదా.

ఊపిరి బిగబట్టి పళ్ళేలు రెండూ కుదుపు లేకుండా లోపలికి తెచ్చి, నీళ్ళగిన్నెల బల్లమీద దించింది. ఇక చీమలు. ఊదకూడదు, దులపకూడదు, పురుగుని కదపకూడదు. దేవుడి గూట్లోంచి దీపపు వత్తుల కట్ట తెచ్చింది. ఒక్కో వత్తి నీళ్ళలో ముంచి, చివర చీమకి తగిలిస్తే అంటుకుని వచ్చేసింది. బియ్యంలో మెరిగెలు ఏరిన కన్ను, పిల్ల తలలో పేలు వెతికిన వేళ్ళు. ఒక్కో చీమా, ఒక్కో వత్తీ. మధ్యాహ్నం భోజనం మాట మర్చిపోయింది. మూడు దాటాక ఆఖరి చీమ వచ్చింది.

మూడు పురుగులు నల్లబడి ముడుచుకుపోయి ఉన్నాయి. మిగిలినవి తలలెత్తి అలాగే ఉన్నాయి. బతికున్నాయో లేదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. కదిపిన దెబ్బకి అన్నీ పోయాయేమో. పిల్లకి ఏమని చెప్పడం?

నాలుగూ పదికి ఒక పురుగు తల వణికింది. మూతిమీద చిన్న తొడుగు, పొట్టు గింజలాంటిది, ఊడి పడింది. మెడ దగ్గర చర్మం చిట్లింది. లోపల్నుంచి ఒళ్ళు అలలు అలలుగా ముందుకి తోసుకొస్తుంటే, పాత చర్మం మేజోడులా వెనక్కి ముడతలు పడింది. ఆ పట్టుపోగు తెగలేదు. పురుగు బయటికి వచ్చి, ముడతలు తీరని కొత్త ఒంటితో, పెద్దదైన కొత్త తలని అటూ ఇటూ తిప్పింది.

"అమ్మయ్య, లేచావా నాయనా!" అంది సుందరి, పెద్దగా. వెంటనే నాలుక కరుచుకుని, గడియారం చూసి రాసింది.

ఆరున్నరకి కనకరాజు వచ్చేసరికి ఇంట్లో దీపం లేదు, కాఫీ లేదు. ఆయన రావడం ఆలస్యమైందో లేదో కూడా సుందరి చూడలేదు. "చప్పుడు చెయ్యకండి. ఇరవై తొమ్మిది లేచాయి" అంది, తలెత్తకుండా. ఎనిమిదింటికి ముప్ఫై ఏడో పురుగూ లేచింది.

శుక్రవారం పొద్దున్న రత్న వచ్చి చెప్పులు విప్పకముందే తల్లి పుస్తకం తెరిచి ముందు పెట్టింది. "ముందిది చదువు. తర్వాత తిట్టు."

రత్న నిలబడే చదివింది. *బుధవారం 10.30. నీకు కామెర్లు, ఆకుపసరు అనుకున్నాను. ఇవి వరండాలో పెట్టాను. తప్పు నాదే. మూడు పోయినవి, నా చేతివల్ల.* దానికింద ముప్ఫై ఏడు గీతలు, ముప్ఫై ఏడు సమయాలు. 4.10. 4.25. 4.25 ఇంకొకటి. 4.40, కొంచెం కష్టపడింది.

సుందరి గోడకి చేరగిలబడి కాచుకుంది. రత్న పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"అమ్మా, ల్యాబులో కూడా మేం అన్నీ కలిపి ఒక్క సమయమే రాస్తాం. ఒక్కోదానికీ విడివిడిగా ఎవరూ రాయలేదు. కూర్చోరు ఎవరూ అంతసేపు."

"మూడు పోయాయే..."

"పోయాయి. ఒక జట్టు పద్దెనిమిది, ఒకటి పంతొమ్మిది చేసుకుంటాను. కారణం కూడా రాస్తాను." అప్పుడు పెదవి బిగబట్టి, ఆపుకోలేక నవ్వేసింది. "కామెర్లా అమ్మా! ఆకుపసరా!"

ఆ రోజే పద్దెనిమిది పురుగుల వీపులమీద సన్నటి గొట్టంతో తలా ఒక చుక్క మందు వేసింది. మిగతా పంతొమ్మిదింటికి మందులేని చుక్క. తర్వాత వారమంతా సుందరి ఆకు కోసింది, పెట్టింది, రాసింది. వానచప్పుడు రోజురోజుకీ పెద్దదైంది.

మరో గురువారానికి మందులేని పంతొమ్మిదీ ఆకు మానేశాయి. ఒళ్ళు పండిన ద్రాక్షలా పసుపుతేలి, తలలు ఊపుతూ చోటు వెతుక్కున్నాయి. చంద్రికలో, అంటే గూళ్ళు కట్టే వెదురు తట్టలో, పెట్టగానే నోట్లోంచి దారం తీసి చుట్టూ అల్లడం మొదలెట్టాయి. పక్క పళ్ళెంలో మందు చుక్క పడ్డ పద్దెనిమిదీ మాత్రం ఇంత లావున ఊరి, లోకంతో పనిలేనట్టు ఇంకా నమిలేస్తున్నాయి.

"వీటికి కబురందలేదా?" అంది సుందరి.

"అందినా ఆ చుక్క పనిచెయ్యనివ్వడం లేదు. 'ఇంకా చిన్నపిల్లవే, తిను' అంటోంది."

"ఎన్నాళ్ళంటుంది?"

"రెండు మూడ్రోజులు. చుక్క అరిగాక ఇవీ కడతాయి. మరీ ఎక్కువ వేస్తే మాత్రం ఎప్పటికీ కట్టవు. అలా తిని తిని పోతాయి."

సుందరి చంద్రికకేసీ, పళ్ళేనికేసీ మార్చి మార్చి చూసి, లావాటి పురుగుకి ఒక ఆకు పెట్టి, పుస్తకంలో సమయం రాసింది.

శుక్రవారం ఎనిమిదిన్నరకి రత్న బ్యాగు తగిలించుకుంది. తల్లి మామూలుగా చెప్పులేసుకోవడానికి వెళ్ళి, గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమ్మా, రావా?"

"పురుగుల్ని చూడాలి. నువ్వెళ్ళు. గేటు వేసి వెళ్ళు."

రత్న రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ ఒక్కతే నడిచి వెళ్ళింది.

కనకరాజు పేపరు దించాడు. "చుక్క అరిగినట్టుందే!"

"అరగలేదు. తగ్గిందంతే" అని సుందరి బక్కెట్టులో తడిదుప్పటి తీసుకుని గబగబా మేడమెట్లు ఎక్కింది. బస్టాపు అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ఆయన వెనకే ఎక్కాడు, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి.